వేలికి తగిలిన గింజలు

ఇది రాయమని నా వెంటపడింది మా కోడలు సంధ్య. "అత్తమ్మా, మీరు చెప్తుంటే నాకు ఒళ్లు జలదరిస్తది. అయినా మొత్తం విన్నంక ధైర్యమొస్తది. రాయుండ్రి, ఎవరికన్న పనికొస్తది" అంది. నేను పదో తరగతి వరకు చదివిన మనిషిని. ఆ తర్వాత రాసినవన్నీ జాకెట్ల కొలతలే. ఇప్పుడు ఒంట్లో నెమ్మది చేరింది కాబట్టి రాస్తున్నాను. రాసి పెడితే ఆ నెలలు నిజంగానే నా వెనక్కి పోయాయన్న నమ్మకం నాకూ కలుగుతుందేమో.

మాది శామీర్‌పేట దగ్గర అలియాబాద్. కరీంనగర్ రోడ్డుకు ఆనుకుని నాకొక చిన్న టైలరింగ్ షాపు ఉంది. నా భర్త ప్రభాకర్ బోరుబండి మీద పనిచేసేవాడు. ఊళ్లు తిరుగుతూ బోర్లు వేసే పని కాబట్టి నెలలో సగం రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. ఉన్నప్పుడు మెత్తగా మాట్లాడేవాడు. ఆదివారం ఇంట్లో ఉంటే తెల్లచొక్కా వేసుకుని నాతో చర్చికి వచ్చేవాడు. గుండెపోటుతో పోయి ఏడేళ్లు దాటింది. కొడుకు కిరణ్ గుండ్లపోచంపల్లిలో ఒక గోదాములో సూపర్‌వైజరు. కోడలి పుట్టిల్లు మేడ్చల్. మేం ముగ్గురం ఉండేది ఒకే ఇల్లు, వాడుకునేది ఒకే బాత్రూమ్.

పోయిన ఏడాది మార్చిలో మొదలైంది.

ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. షాపు మూసి వచ్చి స్నానం చేస్తున్నాను. సబ్బు చేత్తో కింద కడుక్కుంటుంటే వేలికి ఏదో తగిలింది. సగ్గుబియ్యం గింజంత ఉంది. నొప్పి లేదు, దురద లేదు. చెమటకాయ అయి ఉంటుందనుకున్నాను. మరునాడు తడిమితే అది అక్కడే ఉంది. దాని పక్కన ఇంకొకటి ఉంది. ఆ రెండోది నిన్న లేదు. ఎప్పుడొచ్చింది? నేను షాపులో కూర్చుని మిషన్ తొక్కుతున్నప్పుడా, అన్నం తింటున్నప్పుడా? నా ఒంట్లో నాకు తెలియకుండా ఒకటి పుట్టింది, నాకు చిన్న చురుకైనా అనిపించలేదు. ఆ ఆలోచనకే మొదటిసారి భయం పుట్టింది.

"కింద" అని రాశాను. మా ఇళ్లలో ఆడవాళ్లం ఆ చోటుకు వాడే మాట అదే. ఆసుపత్రి కాగితం మీద జననాంగం అని రాస్తారు. యాభై రెండేళ్లు వచ్చినా, ఒక బిడ్డను కన్నా, ఆ చోటును నేను ఒక్కసారి కూడా కళ్లతో చూసుకోలేదు.

అదే వారంలో సంధ్య నెల తప్పిన సంగతి చెప్పింది. పెళ్లయిన నాలుగేళ్లకు. కిరణ్ స్వీట్లు తెచ్చాడు, చర్చిలో ప్రార్థన చేయించాడు. ఆ సంబరం మధ్యలో నా సంగతి ఏమని మొదలుపెట్టాలి? భర్త పోయిన మనిషికి అక్కడ ఏమొస్తుంది, ఎందుకొస్తుంది అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఊరుకున్నాను.

ఈస్టర్ అయ్యేసరికి అవి లెక్కపెట్టే స్థితి దాటాయి. షాపులో ఒక మూల పరదా కట్టి, డ్రెస్సులు వేసుకుని చూసుకోవడానికి నిలువుటద్దం పెట్టాను. ఒక మధ్యాహ్నం షట్టరు సగం దించి, చేతి అద్దం ఒకటి పట్టుకుని ఆ పరదా వెనక్కి వెళ్లాను. ఎలాగో కుదురుకుని చూశాను. కొన్ని చర్మం రంగులో, కొన్ని బూడిద రంగులో, ఒకదాని పక్కన ఒకటి గుంపుగా ఉన్నాయి. గడపలో కూర్చున్న ఆడవాళ్లు మనం వస్తుంటే మన గురించే మాట్లాడుతూ చప్పున ఆపేస్తారు చూడండి, అట్లా అనిపించింది. నేను చూడకముందు అవి కదులుతున్నాయి, చూడగానే ఆగిపోయాయి. అద్దం పక్కన పెట్టి, పరదా పట్టుకుని నిలబడ్డాను. బయట రోడ్డు మీద బస్సు హారన్ కొడుతోంది. అది ఎక్కడో చాలా దూరం నుంచి వినిపిస్తున్నట్టు ఉంది.

ఆ రోజు నుంచి నా చేతులంటే నాకే భయం పట్టుకుంది. నా పని ఆడవాళ్లను ముట్టుకునే పని. భుజం, ఛాతీ, నడుము చుట్టూ టేపు తిప్పాలి. వాళ్లు నా చెవిలో ఇంటి సంగతులు చెప్తుంటారు. నేను మాత్రం నా వేళ్ల మీద ఏముందో, ఏది వాళ్లకు అంటుకుపోతుందో అని చూసుకుంటూ ఉండేదాన్ని. ప్రతి ఒక్కరి తర్వాత డెట్టాల్‌తో చేతులు కడిగేదాన్ని. వేళ్లు పగిలి, పట్టుబట్టకు రక్తపు చుక్క అంటిన రోజు కూడా ఉంది.

"సుజాతక్కా, చేతులేంది గట్లయినయి?" అని అడిగేవాళ్లు.

"సున్నం పడ్డది" అనేదాన్ని.

ఇంట్లో నా బకెట్టు, నా మగ్గు, నా సబ్బు వేరు చేసుకున్నాను. కడుపుతో ఉన్న పిల్ల అదే బాత్రూమ్‌లోకి పోతోంది. నేను స్నానం చేశాక నేలంతా ఫినాయిలు పోసి కడిగేదాన్ని. ఆ వాసనకు సంధ్యకు వాంతులయ్యేవి. ఎందుకట్లా కడుగుతున్నానో ఆ పిల్లకు తెలియదు. వద్దని చెప్పలేక ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది.

మే నెలలో శామీర్‌పేటలో ఒక మందుల దుకాణానికి వెళ్లాను. మా ఊళ్లో దుకాణానికి పోతే తెలిసిన ముఖాలుంటాయి. "తొడల సందున దురద" అని అబద్ధం చెప్పాను. ఆయన తల ఎత్తకుండానే ఒక ట్యూబు ఇచ్చాడు. రాస్తే నాలుగు రోజులు చల్లగా అనిపించింది. అది పని చేస్తోందనుకుని ఇంకో రెండు ట్యూబులు వాడాను. నెల తిరిగేసరికి చర్మం పల్చబడి ఎర్రగా అయింది, గింజలు మాత్రం పైకీ పక్కకీ పాకాయి. కూర్చుంటే ఒరుసుకునేవి. నడిస్తే అవి ఉన్నాయని ప్రతి అడుగుకూ తెలిసేది.

మా షాపు వెనక కొత్తగా ప్లాట్లు వేస్తున్నారు. వానలు మొదలయ్యే ముందు అక్కడ బోర్లు వేయించారు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, మిషన్ మీద తల వాల్చి కునుకు తీశాను. కలలో ప్రభాకర్ షాపులోకి వచ్చాడు. ప్యాంటుకు మోకాళ్ల దాకా బోరు బురద ఉంది. నాకు వీపు పెట్టి నిలబడి, పరదా వెనక ఎవరితోనో మాట్లాడుతున్నాడు. "ఎవరు లోపల?" అని అడిగాను. ఆయన తిరగలేదు. బోరుబండి మోతకు మెలకువ వచ్చింది. మోత నిజమే, వెనక ప్లాట్లలో బండి పనిచేస్తోంది. కానీ పరదా కదులుతోంది. ఫ్యాన్ లేదు, గాలి లేదు. లేచి పరదా తీసి చూసే ధైర్యం చాలక, షట్టరు దించి ఇంటికి వచ్చేశాను.

ఎవరికీ చెప్పకపోతే మనిషి ఎంత దూరం పోతుందో రాయడానికే ఇవన్నీ రాస్తున్నాను. తెలివి తక్కువదాన్ని కాదు నేను. ఇంకొకరికి ఇట్లా వచ్చిందంటే చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయేదాన్ని.

జూలైలో ఆసుపత్రికి కాకుండా అత్వెల్లికి వెళ్లాను. అక్కడ ఒకామె ప్రార్థన చేసి రోగాలు తీస్తుందని షాపుకు వచ్చేవాళ్లు చెప్పుకునేవారు. పొలాల అంచున ఒంటరి ఇల్లు. వాన పడుతోంది. లోపల కిటికీలు మూసి ఉన్నాయి. ఆమె నాకంటే చిన్నదే, తెల్లచీర కట్టుకుని చాప మీద కూర్చుని ఉంది. నన్ను ఏమీ అడగలేదు. దగ్గరికి రమ్మని నా నడినెత్తి మీద చెయ్యి పెట్టింది. కళ్లు మూసుకుంది.

"నీ పెనిమిటి పోయిండు గదా?" అంది.

"పోయిండమ్మా."

"పోలే. ఆయన చెయ్యి ఇంక నీ మీదనే ఉన్నది. కిందికెల్లి పట్టుకున్నడు. ఇడుస్తలేడు."

నేను ఆమెకు ఎక్కడ జబ్బో చెప్పలేదు. నేను కూర్చున్న తీరు చూసి కనిపెట్టిందని ఇప్పుడు అనుకుంటాను. భర్త లేని సంగతి నా ముఖం, నా మెడ చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. అప్పుడు అవేవీ తోచలేదు. ఆమె ఒక సీసాలో నూనె ఇచ్చి, ప్రార్థన చేసి రాయమంది.

ఆ నూనె రాస్తే నిప్పు పెట్టినట్టు మండింది. మంటకు బాత్రూమ్ గోడకు తల ఆనించుకుని ఏడ్చాను. అయినా మానలేదు. మండుతోందంటే ఆయన చెయ్యి వదులుతోందని నమ్మాను. ఆ రోజుల్లో ఇంట్లో నాకు తడి మట్టి వాసన వచ్చేది. వానాకాలం కదా, అందరి ఇళ్లలోనూ వస్తుంది. కానీ నాకు అది బాత్రూమ్ తలుపు దగ్గరే, నేను గడియ పెట్టినప్పుడే వచ్చేది. పాతికేళ్లు కాపురం చేసిన మనిషిని, మంచివాడని నలుగురూ చెప్పుకున్న మనిషిని, తలుపు బయట నిలబెట్టి నేను లోపల వణుకుతూ కూర్చునేదాన్ని.

ఆగస్టులో రక్తం కనిపించింది.

లంగాకు అంటిన మరకను నేను చూసుకోలేదు. ఆరేసిన బట్టలు తీస్తూ సంధ్య చూసింది. అప్పటికి దానికి ఏడో నెల. మెల్లగా వచ్చి నా మంచం మీద కూర్చుంది.

"అత్తమ్మా, మీకు నెలనెలా వచ్చుడు ఆగిపోయింది గదా?"

"ఆగిపోయి నాలుగేండ్లాయె."

"మరి గీ రక్తమేంది?"

నేను గోడ వైపు తిరిగాను. అది నా భుజం మీద చెయ్యి వేసింది. "నన్ను ముట్టుకోకు" అని అరిచాను. ఇన్నేళ్లలో దాని మీద నేను గొంతెత్తింది అదే మొదలు. అది చెయ్యి తియ్యలేదు. "ఫినాయిల్ గందుకేనా?" అని అడిగింది. ఆ ఒక్క మాటతో నాకు ఆపుకోలేని ఏడుపు వచ్చింది. అన్నీ చెప్పేశాను. గింజలు, ట్యూబులు, నూనె, చివరికి తలుపు బయట నిలబడే మనిషి సంగతి కూడా.

అది కొంగుతో నా కళ్లు తుడిచింది. తర్వాత, "రేపు పోదాం. నేను చూపించుకునే మేడమ్ కాదు, పెద్దదవాఖానకు పోదాం" అంది.

నగరంలో ఉన్న ఆ ప్రభుత్వ ఆసుపత్రిలో ఆడవాళ్ల విభాగం బయట పొడుగాటి వరండా. బెంచీల మీద చోటు లేక కొందరు నేల మీద కూర్చున్నారు. గమ్మత్తేమంటే అంతమందిలోనూ మాటలు లేవు. ఎవరి చీటీ వాళ్లు బోర్లా పట్టుకుని ఉన్నారు. పేరు పిలవగానే లేచి, ఎవరూ తమ వైపు చూడకముందే లోపలికి జారిపోతున్నారు. నా పక్కన కొత్తగా పెళ్లయిన పిల్ల ఒకటి, కాళ్లకు ఇంకా పారాణి పోలేదు, పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. దానికీ గింజలేనట. "మా ఆయనకు చెప్తే ఇంట్ల ఉంచుకోడు ఆంటీ, చచ్చిపోదామనుకున్న" అంది నా చెవిలో. లోపలికి పోయి బయటికి వచ్చేటప్పుడు నవ్వుతూ ఏడుస్తోంది. చర్మంలో అందరికీ ఉండే నూనె గ్రంథులేనట, మందు కూడా అక్కర్లేదన్నారట. నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలి వెళ్లిపోయింది. నాకూ అదే అయితే బాగుండనుకున్నాను. కాదని తెలిసి కూడా అనుకున్నాను.

డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నది. బల్ల మీద పడుకోమంటే కాళ్లు బిగుసుకుపోయాయి. తలాపున నిలబడ్డ సిస్టర్ దుప్పటి నా మోకాళ్ల మీదికి సర్ది, నా నుదుటి మీద అరచెయ్యి పెట్టింది. అత్వెల్లిలో నా నెత్తి మీద పడ్డ చెయ్యికీ ఈ చెయ్యికీ బరువులో ఎంత తేడా! "ఊపిరి ఇడువు అమ్మా. నన్ను చూడు, అటు చూడకు" అంది. ఆమె ముఖం చూస్తూ ఉండిపోయాను.

డాక్టరమ్మ చేతి తొడుగులు తీసేసి నా ఎదురుగా కూర్చుంది. "ఇవి పులిపిర్లమ్మా. ఒక వైరస్‌తోటి వస్తయి. చేతి మీద వచ్చేటివి వేరే రకం, ఇవి కలయికతోటి వచ్చేటివి. ఎన్ని రోజులసంది ఉన్నయి?"

చెప్పాను. ఆమె ముఖంలో కోపం రాలేదు. కొంచెం అలసట కనిపించింది.

"ఆయన పోయి ఏడేండ్లాయె మేడమ్. నాకు ఆయన తప్ప ఇంకొకరు తెల్వది. ఎట్లొస్తయి?"

"రావొచ్చు. ఈ వైరస్ ఒంట్ల చప్పుడు లేకుండ పండుకొని ఉంటది. కొందరిల నెలలు, కొందరిల ఏండ్లు. ఒంట్ల బలం తగ్గినప్పుడు, షుగర్ పెరిగినప్పుడు లేస్తది. ఆయనకు పెళ్లికి ముందే ఉండొచ్చు, ఆయనకే తెల్వకపోవచ్చు. ఎప్పుడొచ్చింది, ఎట్లొచ్చింది అనేది ఏ పరీక్ష చెప్పదు. మీరు గూడ ఆ లెక్కల వడకండి."

చచ్చిపోయిన మనిషి నుంచి వచ్చింది, ఇన్నాళ్లూ నాలో నిద్రపోయి ఇప్పుడు లేచింది. అత్వెల్లి ఆమె చీకటి గదిలో చెప్పినదానికి, ఈమె ట్యూబులైటు కింద చెప్పినదానికి ఎంత దగ్గర! తేడా మాత్రం వెంటనే తెలిసింది. ఈమె ఆ మాట చెప్పి ఊరుకోలేదు, కాగితం తీసి ఏం చెయ్యాలో రాయడం మొదలుపెట్టింది.

రక్తం కారుతున్న గింజ ఒకటి నల్లబడి, కింద గట్టిగా ఉందట. నెలసరి ఆగిన వయసులో అట్లాంటిది కనిపిస్తే ముక్క తీసి పరీక్షకు పంపకుండా మందు పెట్టకూడదట. చిన్న సూది పొడిచి, మొద్దుబారాక ముక్క తీశారు. రక్తపరీక్షలన్నీ రాశారు, అనకూడని ఆ ఎయిడ్స్ జబ్బుకు కూడా. గర్భసంచి ముఖద్వారానికి కూడా పరీక్ష చేశారు. నాకు షుగరు ఉందని ఆ రోజే తెలిసింది.

"బకెట్టుతోటి, బట్టలతోటి, కొలతలు తీసుకుంటే వస్తదా మేడమ్?" అని సంధ్య అడిగింది.

"రాదమ్మా. మీ అత్తమ్మను ఆ ఫినాయిల్ మాత్రం ఆపమను" అంది ఆమె.

ముక్క ఫలితం రావడానికి రెండు వారాలు పట్టింది. నా జబ్బుకంటే ఆ రెండు వారాలే నన్ను ఎక్కువ తిన్నాయి.

సంధ్య తన తల్లికి చెప్పింది. భయపడి చెప్పింది, నేను తప్పు పట్టను. మా వియ్యపురాలు రాజమణి మేడ్చల్ నుంచి ఆటో కట్టించుకుని వచ్చింది. గడప దాటి లోపలికి రాలేదు. "వదినె, కాన్పు దగ్గర పడ్డది, పిల్లను తోల్కపోతున్న" అంది. ఇంకా రెండు నెలలు ఉందని ఇద్దరికీ తెలుసు. నేను ఇచ్చిన మంచినీళ్ల గ్లాసు అరుగు మీద పెట్టింది, తాగలేదు. సంధ్య ఏడుస్తూ ఆటో ఎక్కింది.

కిరణ్ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆదివారం చర్చికి తయారై, బూట్లు వేసుకోబోతూ ఆగాడు.

"అమ్మా, నాయిన..." అన్నాడు. కాసేపాగి, "లేకపోతే..." అన్నాడు.

రెండు మాటలూ పూర్తి చెయ్యలేదు. మొదటి మాట నిజమైతే వాడికి తండ్రి పోతాడు, రెండోది నిజమైతే నేను పోతాను. వాడు ఆ రెండింటి మధ్యా నిలబడి ఉన్నాడు.

"నాకు మీ నాయిన తప్ప ఇంకెవ్వరు తెల్వదు బిడ్డా. మీ నాయినకు ఎప్పుడొచ్చిందో, ఎట్లొచ్చిందో దేవునికే తెలుసు. డాక్టరమ్మ గూడ తెల్వదన్నది" అన్నాను.

వాడు బూట్లు అక్కడే వదిలి, చర్చికి పోకుండా బండి వేసుకుని ఎటో వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇంటికి వచ్చినా నేను తిన్నాకే వచ్చేవాడు. ముగ్గురం ఉన్న ఇంట్లో నేను ఒక్కదాన్నే మిగిలాను. ఒక్కదాన్ననే మాట పూర్తిగా నిజం కాదు. మట్టి వాసన ఉండేది. ఒక రోజు భయం కంటే కోపం ఎక్కువై, బాత్రూమ్ తలుపు తీసుకుని బయటికి వచ్చి నిలబడ్డాను. ఖాళీ వసారాలో, "చెప్పు. ఎవరామె?" అని గట్టిగా అడిగాను. రేకుల మీద వాన తప్ప ఏ చప్పుడూ లేదు. జవాబు రాదని తెలిసిన ప్రశ్న ఎంత పెద్దగా వినిపిస్తుందో ఆ రోజు తెలిసింది.

ఫలితం తెచ్చుకోవడానికి ఒక్కదాన్నే వెళ్దామని బస్‌స్టాప్‌లో నిలబడితే, కిరణ్ బండి వచ్చి నా ముందు ఆగింది. "ఎక్కు" అన్నాడు. వరండాలో అందరూ ఆడవాళ్లే. వాడు ఆ మౌనం మధ్యలో నా చీటీ పట్టుకుని, గోడకు ఆనుకుని చివరిదాకా నిలబడ్డాడు.

అనకూడని జబ్బు లేదు. ముఖద్వారం బాగుంది. నల్లబడ్డ గింజ దగ్గర మాత్రం కణాలు మారడం మొదలైందట. క్యాన్సర్ కాలేదు, వదిలేస్తే ఆ దారిలో పోయేదట. "ఇంకో ఏడాది దాచుకొని ఉంటే నేను మీకు ఈ మాట ఇట్ల చెప్పకపోయేదాన్ని" అంది డాక్టరమ్మ. కిరణ్ నా వెనక నిలబడి ఉన్నాడు. వాడి చెయ్యి వచ్చి నా కుర్చీ వీపు మీద ఆగింది.

షుగరు అదుపులోకి వచ్చాక సెప్టెంబరు చివర్లో ఆపరేషన్ చేశారు. ఆ చోటు చుట్టూ కొంత మంచి చర్మంతో సహా కోసి తీసేశారు. మిగతా పులిపిర్లను కాల్చారు. నొప్పి గురించి ఎక్కువ రాయను. మూత్రానికి పోవాలంటే ఏడుపొచ్చేది, మగ్గుతో నీళ్లు పోసుకుంటూ పొమ్మని సిస్టర్ నేర్పింది, అది ఎంతో మేలు చేసింది. కూర్చోవడం మాత్రం లేదు. టైలరుకు కూర్చునే యోగం లేకపోతే ఏముంది, ఒత్తిగిలి పడుకుని మిషన్ వైపు చూస్తూ ఉండేదాన్ని. కిరణ్ అన్నం వండి పక్కన పెట్టేవాడు. ఉప్పు ఎక్కువయ్యేది.

అక్టోబరులో సంధ్యకు ఆడపిల్ల పుట్టింది. ఫోటో కిరణ్ ఫోన్‌లో చూశాను. చూడటానికి పోలేను, పోగలిగినా రాజమణి గడప ఎట్లా తొక్కుతాను?

ఒక పొద్దున తలుపు తీసిన చప్పుడయింది. సంధ్య నిలబడి ఉంది, చేతుల్లో మూట. వెనక రాజమణి, సంచులతో.

"గింత పొద్దుగాల పచ్చి బాలింతవు, ఎందుకొచ్చినవే?" అన్నాను.

"పెద్దదవాఖాన మేడమ్‌కు ఫోన్ చేసి అడిగిన అత్తమ్మా. పాపను ఎత్తుకోవచ్చన్నది, పక్కన పండుకోబెట్టుకోవచ్చన్నది. చేతులు కడుక్కుంటే సాలన్నది. మా అమ్మకు గూడ ఇనిపిచ్చిన."

నేను కూర్చోలేను కదా. సంధ్య వంగి, పాపను నా పక్కన, నా ఛాతీకి ఆనించి పడుకోబెట్టింది. పాప ఊపిరి నా మెడకు తగిలింది. వెచ్చగా. నా చేతులు ఎప్పటి నుంచో ఎవరినీ భయం లేకుండా ముట్టుకోలేదు. మొదట ఒక్క వేలే ఆనించాను. రాజమణి తలుపు దగ్గరే కాసేపు నిలబడి, లోపలికి వచ్చి, "వదినె, కూర ఏమన్న చేసిన్రా?" అని అడుగుతూ వంటింట్లోకి పోయింది.

నవంబరు మొదట్లో మాకు సమాధుల పండుగ. పొద్దుగూకే వేళ అందరం పోయి మావాళ్ల సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. మెల్లగా నడుస్తూ నేనూ వెళ్లాను. కిరణ్ బకెట్‌తో నీళ్లు తెచ్చి, తండ్రి సమాధిని తనే రుద్ది రుద్ది కడిగాడు. అవసరమైనదానికంటే ఎక్కువసేపు కడిగాడు. తర్వాత అగ్గిపెట్టె కోసం బండి దగ్గరికి వెళ్లాడు.

నేను ఒక్కదాన్నే నిలబడ్డాను. చుట్టూ వందల చిన్న మంటలు, వాటి వెనక సగం సగం వెలుగుతున్న ముఖాలు. వెలుగులో ఎవరు బతికినవాళ్లో, ఎవరి పేరు రాయి మీద ఉందో తేడా తెలియనట్టు ఉంది. భయం వేస్తుందనుకున్నాను. వేసింది కూడా, కొంచెం. "తెల్సి తెచ్చినవో, తెల్వక తెచ్చినవో. ఇగ నేను అడుగ" అన్నాను మెల్లగా. క్షమించానో లేదో నాకు తెలియదు. అడగడం మానేశాను, అంతే.

అప్పుడు పక్క వరస నుంచి ఒకామె వచ్చింది. మా చర్చిలో పాటలు మొదలుపెట్టే శాంతమ్మ. ఆమె భర్త సమాధి అటు ఉంది. వెలగని కొవ్వొత్తి ఒకటి చేతిలో పట్టుకుని, మంట అడిగే నెపంతో నా పక్కన వంగింది.

"సుజాతా, నీకు కింద ఆపరేషన్ అయ్యిందంట గదా?"

ఊరంతా తెలిసిపోయిందన్నమాట. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనుకున్నాను. ఆమె నా ముఖం వైపు చూడటం లేదు. కొవ్వొత్తి వెలిగినా లేవడం లేదు.

"అయ్యింది శాంతక్కా. గింజలొచ్చినయి. ముందుగాల జూపిచ్చుకోక పరేషాన్ అయిన."

"డాక్టరు ఆడామెనేనా?"

అప్పుడు అర్థమైంది.

"ఆడామెనే. మంచిగ మాట్లాడతది. ఎన్ని రోజులసంది?"

"రెండేండ్లాయె" అంది. గొంతు నాకు మాత్రమే వినిపించింది.

"రక్తమొస్తాందా? పుండు పడ్డదా? పెరుగుతున్నయా?"

ఆమె తల దించుకుంది. మంటకు అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అందరియి నాదాని లెక్క ఉండయక్కా. ఏం మందు అక్కర్లేనియి గూడ ఉంటయంట. కానీ ఉన్నయి పోకుంటే, పెరిగితే, రక్తమొస్తే మనకు మనం చెప్పుకునుడు కాదు, చూపిచ్చుకోవాలె. ట్యూబులు రాయకు, నూనెలు రాయకు. రేపు పొద్దున పోదాం, నేనొస్త."

"రేపేనా? వచ్చే వారం..."

"రేపే."

ఆమె కొవ్వొత్తి పట్టుకుని తన వరసలోకి వెళ్లిపోయింది. వస్తానని గానీ రానని గానీ అనలేదు. వెనకనుంచి చూస్తుంటే ఆ మంటల మధ్య ఆమె ఎవరో గుర్తు తెలియకుండా పోయింది.

మరునాడు నేను బస్‌స్టాప్‌కు చేరేసరికి మంచు ఇంకా విడలేదు, మొదటి బస్సు రాలేదు. శాంతమ్మ మాత్రం నాకంటే ముందే వచ్చి నిలబడి ఉంది.